మధ్యాహ్నం మూడు గంటల పలుకు

నమోదు 1
మొదటి రోజు, ఉదయం 6 గంటలు. నడిబండ పలుకు 64. దక్షిణపు అంచు పలుకు 64. ఆకాశం నిర్మలం. గాలి లేదు.

పొద్దుబండ సంగీతోత్సవానికి ఈ ఏడు బండ పరీక్షకురాలిని నేను. నా పేరు వకుళ. రోజుకు రెండుసార్లు, ఉదయం ఆరింటికీ మధ్యాహ్నం మూడింటికీ, బండను సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి, అది ఏ స్థాయిలో పలికిందో చెవిపెట్టెలో చూసి, ఈ పుస్తకంలో నమోదు చేయడం నా పని. ఆరో రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు ఉత్సవాధిపతి పరంజ్యోతి గారు వేదిక మీద చెప్పులు విడిచి నిలబడి, ఈ పుస్తకాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, బండలో దిగేసిన నలభై వేల వినికిడి మేకులకూ వినిపించేలా తన గొంతుతో చదువుతారు. అంతవరకు పరీక్షకురాలు తప్ప మరొకరు దీన్ని తెరవకూడదు. చదవడం మధ్యలో ఆపితే ఆయన పదవి అక్కడితో పోతుంది. చదివే ఆచారం ఉత్సవమంత పాతది. తెరవకూడదన్న నియమం మాత్రం ఎనిమిదేళ్ల కిందట పరంజ్యోతి గారే పెట్టారు.

కాబట్టి పరంజ్యోతి గారూ, ఈ వాక్యం ఇప్పుడు మీ నోటి నుంచే వస్తోంది. పుస్తకం కొంచెం పొడుగు. మీ కుడిచేతి పక్కన రాగి చెంబుతో నీళ్లు పెట్టించే ఏర్పాటు చేశాను.

నేను ఓబులేసుకు అక్కను. దరఖాస్తులో అత్తవారి ఇంటిపేరు రాశాను. అది అబద్ధం కాదు. ఎనిమిదేళ్ల కిందట దక్షిణపు అంచున రాతి పొర జారి తొమ్మిది మంది చనిపోయినప్పుడు ఇక్కడ పరీక్షకుడు నా తమ్ముడు. ప్రమాదాన్ని పసిగట్టలేదని నేరం వాడి మీద పడింది. ఆ మచ్చను మీ గొంతుతోనే చెరిపించాలని వచ్చాను. అయినా ఈ పుస్తకంలో మీ మీద ఒక్క ఆరోపణ కూడా చేయను. కొలతలు రాస్తాను. నిశ్చింతగా చదవండి.

నమోదు 2
మొదటి రోజు, మధ్యాహ్నం 3 గంటలు. నడిబండ 61. దక్షిణపు అంచు 61. ఎండ తీవ్రం.

ఉదయం అరవై నాలుగు, మధ్యాహ్నం అరవై ఒకటి. ఇది రాయి ఆరోగ్యంగా ఉందనడానికి గుర్తు. వేసవి ఎండకు రాయి వదులవుతుంది, గొంతు మూడు పలుకులు దిగుతుంది. రాత్రి చల్లబడి మళ్లీ బిగుస్తుంది.

డేరాలు వరుసగా లేస్తున్నాయి. మా విడిది ఏడో వరుసలో. మేకు దిగేసే పని జుబేదాది. ఆమె నా చిన్ననాటి స్నేహితురాలు; ఇరవై రెండేళ్లుగా ఒక్క ఉత్సవం కూడా మానలేదు. మేకు రాతి గుంటలో కూర్చోగానే దాని తల మీద ఇత్తడి పళ్లెం బిగించి, తన చెంప ఆనించి చూసింది.

“తంబూరా సరిచేస్తాండారు. మూడో తీగె బాగలేదు,” అంది.

“నీకు తెలుసా తీగెల సంగతి?”

“తెలీకుంటే ఇన్నేండ్లు ఈ చెంప ఎందుకు కాల్చుకుంటి?”

మైకులు పెట్టి గాలిలో మోత పుట్టించడం మా తాతల కాలంలోనే ఆగిపోయింది. పాట ఇప్పుడు రాతిలోంచి మేకు గుండా చెంపకు వస్తుంది. ఒక పళ్లెం చుట్టూ ఆరు చెంపలు పడతాయి. ఎవరి చెంప ఎక్కడ అన్న తగాదా లేని విడిది ఈ బండ మీద లేదు.

నమోదు 3
రెండో రోజు, ఉదయం 6 గంటలు. నడిబండ 64. దక్షిణపు అంచు 64.

మా డేరాకు ఆనుకొని మేకు లేని డేరా ఒకటి ఉంది. అందులో ఓబులేసు, వాడి భార్య సుగుణ ఉన్నారు. ఉత్సవానికి రావచ్చు గాని జన్మలో పొద్దుబండ మీద మేకు వేయరాదు, ఒకరి పళ్లేనికి చెంప ఆనించరాదు. వాడికి పడిన శిక్ష అది. చేరదీసిన విడిదికి కూడా మేకు పోతుంది. పాట వినడానికి పుట్టినవాణ్ని పాట మధ్యలో చెవిటివాడిగా కూర్చోబెట్టడం ఎవరి ఆలోచనో తెలియదు. చాలా జాగ్రత్తగా చేసిన ఆలోచన.

నిన్న సాయంకాలపు కచేరీలో సుగుణ మా పళ్లేనికి చెంప ఆనించి, చెయ్యి చాచి, మొగుడి ముంజేతి మీద వేళ్లతో తాళం వేస్తూ ఉంది. పల్లవి ముగిసినప్పుడు అరచేత్తో ఒకసారి నిమిరింది. వాడు కళ్లు మూసుకొని ఉన్నాడు. ఎనిమిదేళ్లుగా ఏటేటా ఇలాగే వింటున్నాడని నాకు ఇదివరకు తెలియదు. వాడు చెప్పలేదు. నేను అడగలేదు.

నమోదు 4
రెండో రోజు, మధ్యాహ్నం 3 గంటలు. నడిబండ 61. దక్షిణపు అంచు 61.

ఈ రోజు ఒక చిన్న ప్రయోగం మొదలుపెట్టాను. తెల్లవారగానే వరుసల వెంట నడుస్తూ, దారిలో తగిలిన ప్రతి విడిదినీ ఒక సాయం అడిగాను: పొద్దున్నే మీ మేకును గరిటెతో ఒకసారి కొట్టండి, మధ్యాహ్నం మూడింటికి మళ్లీ కొట్టండి, తేడా ఏమిటో నాకు చెప్పండి. పరీక్షకురాలు అడిగితే ఎవరూ కాదనరు. పైగా మూడింటికి ఎండలో చేయడానికి వేరే పని ఉండదు.

మూడింటికి మళ్లీ వెళ్తే, ఐదో వరుసలో ఒక పెద్దావిడ అప్పటికే రెండోసారి కొట్టి కూర్చుని ఉంది. “పొద్దన టంగుమనె. ఇప్పుడు డొంగుమంటాది,” అంది.

“మీ మేకు ఒక్కటేనా?”

“నా మేకేంది, అందురివీ డొంగే. మా మరిది కొట్టి చూసొచ్చె.”

“ఎందుకంటారు?”

“ఎండకు మనిషికే గొంతు దిగుతాది. రాయికి దిగదా?”

విశ్వవిద్యాలయంలో దీన్ని నాకు మూడు నెలలు చెప్పారు.

నమోదు 5
మూడో రోజు, ఉదయం 6 గంటలు. నడిబండ 64. దక్షిణపు అంచు 64.

ఆరింటికి నేను సుత్తి ఎత్తేసరికే వరుసల నుంచి గరిటెల చప్పుడు వచ్చింది. ఎవరో వంతులు కూడా పెట్టుకున్నారు. నేను అడిగింది నాలుగు వందల విడిదులనే. కొట్టినవి వేలల్లో ఉంటాయి.

నమోదు 6
మూడో రోజు, మధ్యాహ్నం 3 గంటలు. నడిబండ 61. దక్షిణపు అంచు 61.

పరంజ్యోతి గారు వరుసలు చూడటానికి వచ్చారు. ఇది ఆయన మంచి అలవాటు. పెద్దవాళ్ల డేరాలకు నీడబట్ట సరిపోయిందా లేదా స్వయంగా చూస్తారు. మా దగ్గర ఆగారు. మేకు లేని డేరా చూశారు. ఓబులేసు కుంటుతూ లేచి నిలబడ్డాడు. ఆనాడు రాయి కింద నలిగిన కాలు అది.

“బాగుండావా?” అన్నారు ఆయన.

“ఉండా సార్.”

“ఈమె నీకు…?”

“మా అక్క.”

ఆయన నా వైపు చూశారు. తర్వాత నా చంకలోని పుస్తకం వైపు చూశారు. ఆ చూపు ఎంతసేపు ఉందో కొలిచే పరికరం నా దగ్గర లేదు.

ఈ ముఖం కోసం ఎనిమిదేళ్లు ఆగాను. ఆగినందుకు చింత లేదు.

నమోదు 7
నాలుగో రోజు, ఉదయం 6 గంటలు. నడిబండ 64. దక్షిణపు అంచు 63.

దక్షిణం ఒక పలుకు దిగింది. రాత్రి చల్లబడినా తిరిగి బిగియలేదు. మూడుసార్లు కొట్టి చూశాను. మూడుసార్లూ అంతే.

నమోదు 8
నాలుగో రోజు, మధ్యాహ్నం 3 గంటలు. నడిబండ 61. దక్షిణపు అంచు 59.

నడిబండతో పోలిస్తే రెండు పలుకులు తక్కువ. అంచున ఎక్కడో పొర విడుతోంది. ఆ పొర మీద మూడు వందల నలభై డేరాలు ఉన్నాయి.

ఇక్కడ నిజం రాయాలి. ఈ పుస్తకం ఆరో రోజు దాకా నా చేతిలో ఉండాలంటే నేను ఎవరి కంట్లోనూ పడకుండా ఉండటం మేలు. డేరాలు కదిలిస్తే ఉత్సవాధిపతితో తగవు తప్పదు; తగవు పడితే నన్ను తప్పించే మార్గం ఆయన వెతుకుతారు. అయినా కదిలించాల్సిందేనని తేల్చుకోవడానికి నాకు దక్షిణపు అంచు నుంచి వేదిక దాకా నడిచినంత సేపు పట్టింది. అంతసేపు పట్టినందుకు సిగ్గుపడుతున్నాను.

పరంజ్యోతి గారితో జరిగిన సంభాషణ ఇది. జుబేదా పక్కనే ఉంది.

“దక్షిణం డేరాలు ఇప్పుడే తీయించాలండీ.”

“సాయంత్రం పెద్ద కచేరీ పెట్టుకొని మూడు వందల కుటుంబాలను యాడికి లేపమంటావమ్మా?”

“ఉత్తరాన ఖాళీ ఉంది. పలుకు యాభై తొమ్మిదికి దిగింది.”

“పొద్దున ఎంతుండె?”

“అరవై మూడు. ఉండాల్సింది అరవై నాలుగు.”

“మరి? బాగుంటే అరవై నాలుగు. ఒకటి తక్కువైతే కొంప మునుగుతుందా?”

“పొద్దుటి లెక్క వేరు, ఇప్పటి లెక్క వేరండీ.”

“ఆ లెక్కలు నాకొద్దు. నువ్వు భయపెట్టకు.”

పరీక్షకురాలికి డేరాలు కదిలించే అధికారం ఉంది, అనుమతి అవసరం లేదు. చెప్పి చేయడం మర్యాద కాబట్టి చెప్పాను. పొద్దు గుంకే లోపల మూడు వందల నలభై డేరాలూ కదిలాయి. తిట్లు బాగానే పడ్డాయి. జుబేదా వాళ్లకోసం రెండు బానల మజ్జిగ కలిపింది. ఓబులేసు ఆ కాలితోనే కుంటుతూ నలభై ఆరు మేకులు పీకి ఇచ్చాడు. మేకు పీకకూడదని వాడి శిక్షలో లేదు.

నమోదు 9
ఐదో రోజు, ఉదయం 6 గంటలు. నడిబండ 64. దక్షిణపు అంచు 62. డేరాలు లేవు.

ఫలహారం వేళకు పరంజ్యోతి గారు ఒంటరిగా వచ్చారు. జుబేదా ఉగ్గాణి పెట్టింది. ఆయన తిన్నారు. బాగుందన్నారు.

“వకుళమ్మా, నీ పుస్తకంలో కొలతలు తప్ప వేరే మాటలు ఉండాయని విన్నా.”

“తెరవకుండా ఎలా విన్నారండీ?”

ఆయన చెయ్యి కడుక్కున్నారు. “కొలతలు మాత్రం ఉంచి కొత్త పుస్తకం రాసుకో. ఓబులేసుకు మేకు ఇప్పిస్తా. ఈ పొద్దే. నా చేత్తో నేనే కొడతా.”

సుగుణ చేతిలో గిన్నె ఆగిపోయింది. నేను తమ్ముడి వైపు చూశాను. మేకు వాడికి కావాలి, నాకు కాదు. వాడు ఊఁ అని ఉంటే ఈ పుస్తకాన్ని అక్కడే పొయ్యిలో పెట్టి ఉండేదాన్ని. ఇది కూడా చదవండి పరంజ్యోతి గారూ. మీరు గెలవడానికి ఆ ఒక్క క్షణం అవకాశం ఉండింది.

“సార్, మేకు ఎప్పుడు కొడతారు?” అన్నాడు ఓబులేసు.

“మధ్యాహ్నం తీరిక చూసుకొని.”

“మధ్యాహ్నం కొట్టినా పొద్దన కొట్టినా ఒకటేనా సార్?”

“రాయి రాయే గదప్పా. దానికి పొద్దేంది, మధ్యాహ్నమేంది?”

తమ్ముడు నా వైపు తిరిగి నవ్వాడు. వాడు నవ్వగా చూసి ఎనిమిదేళ్లయింది.

“వద్దులే సార్,” అన్నాడు. “రేపు మీరు చదువుతారు గదా. అది వింటా.”

“మేకు లేకుండా యెట్ల వింటావు?”

“మా ఆడమనిషి చేతి మీద చెప్తాది.”

పరంజ్యోతి గారూ, ఇక్కడ కాసిని నీళ్లు తాగండి.

నమోదు 10
ఐదో రోజు, మధ్యాహ్నం 3 గంటలు. నడిబండ 61. దక్షిణపు అంచు 58.

మూడు కాగానే గరిటెలు మోగాయి. ఈ నాలుగు రోజుల్లో ఒక్క విడిది నుంచి కూడా, మధ్యాహ్నం మా మేకు పొద్దుటిలాగే పలికిందని ఎవరూ చెప్పలేదు. శ్రుతి తెలియని వాళ్లకు కూడా తేడా తెలిసింది. పందెం వేసి ఓడిన ఒకతను, గరిటెకు గుడ్డ చుట్టి, నానా విధాలా కొట్టి చూశాడట, టంగుమనిపిద్దామని. కాలేదు.

“ఎండలో దాని చేత టంగనిపించే మొగోడు పుట్టలేదులే,” అంది జుబేదా. ఆ మాట వరుసలు దాటి పోయింది. సాయంత్రానికి ఉత్తరపు గట్టు మీద ఎవరో నాకే వినిపించారు.

ఈ సంగతి వృత్తిగా తెలిసినవాళ్లం దేశం మొత్తం మీద ముప్పై మందిమి. ఎనిమిదేళ్ల కిందట విచారణ సంఘం ముందు మేమంతా ఒకే మాట చెప్పాం. రాయికి పూటకో గొంతు ఉంటుందా అని వాళ్లు నవ్వారు. ముప్పై మంది చాలరని ఆనాడు అర్థమైంది.

నమోదు 11
ఆరో రోజు, ఉదయం 6 గంటలు. నడిబండ 64. దక్షిణపు అంచు 61.

దక్షిణపు అంచు ఇంకా నిలిచి ఉంది. అది పడకపోతే నన్ను తిట్టుకోండి. ఆ తిట్లు సంతోషంగా పడతాను.

మీరు చదవాల్సిన నా కొలతలు ఇక్కడితో అయిపోయాయి. మిగిలింది పాత కొలత ఒకటి. ఇది ఎనిమిదేళ్ల కిందటి పుస్తకంలోని ఎనిమిదో నమోదు. పుస్తకంలో అక్షరాలను ముద్రలతో అద్దుతాం కాబట్టి ఎవరు రాసినా ఒకేలా ఉంటుంది, చేతిరాత అనేది ఉండదు. పొర జారింది నాలుగో రోజు సాయంత్రం ఐదింటికి. అక్కడి జనాన్ని లేపడానికి పరుగెత్తి, కాలు నలగ్గొట్టుకొని, నా తమ్ముడు రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ రెండు రోజులూ పుస్తకం పరంజ్యోతి గారి దగ్గర భద్రంగా ఉంది. తర్వాత ఆయనే దాన్ని ఇదే వేదిక మీద చదివారు. ఆ నమోదు విని, చూడాల్సింది చూడలేదని తొమ్మిది కుటుంబాలు నా తమ్ముణ్ని శపించాయి.

వాడు మొదట ఏమి రాశాడో నేను చెప్పను. ఆ కాగితం నా దగ్గర లేదు. లేనిదాన్ని పుస్తకంలో పెట్టడం నా వృత్తి కాదు. ఉన్నదాన్ని ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను. పరంజ్యోతి గారూ, మీరు ఇదివరకు ఒకసారి చదివిందే, మరొకసారి చదవండి. తొందర లేదు.

“నాలుగో రోజు, మధ్యాహ్నం 3 గంటలు. ఎండ తీవ్రం. నడిబండ 64. దక్షిణపు అంచు 64. అంతా బాగుంది. పాటకు అడ్డులేదు.”

పుస్తకం సమాప్తం.

నమోదు 12
ఆరో రోజు, మధ్యాహ్నం 3 గంటలు. చదవడం ముగిసిన తర్వాత.

చివరి నమోదుతో పుస్తకం మూయడం పరీక్షకురాలి బాధ్యత. ఇది ఎవరూ పైకి చదవరు.

మొదటి పేజీలోనే ఆయన గొంతు ఒకసారి ఆగింది. తర్వాత సర్దుకుంది. ఆరోపణలు లేవని రాశాను కదా, ఆ మాట నమ్మారు. ఎనిమిదో నమోదులో తన మాటలు తానే చదువుతున్నప్పుడు వేగం పెంచారు. తొమ్మిదో నమోదులో “రాయి రాయే గదప్పా” దగ్గర వరుసల్లో నవ్వు లేచింది. ఎందుకు నవ్వుతున్నారో ఆయనకు తెలియలేదు. పదకొండో నమోదుకు వచ్చేసరికి కొంత ధైర్యం కూడా తెచ్చుకున్నారు. పాత నమోదును స్పష్టంగా, మంచి ఉచ్చారణతో చదివారు. మధ్యాహ్నం మూడు గంటలు. ఎండ తీవ్రం. అరవై నాలుగు.

చదివిన తర్వాత కూడా అందులో ఏముందో ఆయన గ్రహించలేదు. ఇన్నేళ్లూ నేను ఆశపడింది సరిగ్గా దీని కోసమే అని అప్పుడు తెలిసింది.

ఐదో వరుస పెద్దావిడ లేచి నిలబడింది. “ఎండలోనా?” అంది.

ఎవరూ అరవలేదు. ఆమె వంగి, పళ్లెం విప్పి, తన మేకు పీకింది. పాడేవాణ్ని ఇక వినం అని చెప్పే పద్ధతి అది. నా జీవితంలో ఒకటి రెండుసార్లు, ఒకటి రెండు విడిదుల్లో చూశాను. పక్క విడిది పీకింది. ఆ వరుస పీకింది. తర్వాత గట్టు అవతల నుంచి కూడా ఆ చప్పుడు వచ్చింది. మా పళ్లేనికి చెంప ఆనించి ఉన్న సుగుణ, రాతిలోంచి మేకులు ఒక్కొక్కటిగా ఊడిపోతున్న శబ్దాన్ని మొగుడి ముంజేతి మీద వేళ్లతో కొడుతూ వచ్చింది. మొదట విడివిడిగా. తర్వాత వేళ్లు చాలక అరచేత్తో.

వేదిక మీద నిలబడిన మనిషికి ప్రతి మేకూ అరికాళ్లకు తెలుస్తుంది. చెప్పులు విడిచి నిలబడాలన్న ఆచారం అందుకే. ఆయన కిందికి, తన పాదాల వైపు చూసుకోవడం నేను చూశాను. ఏదో చెప్పబోయారు. నోరు కదిలింది. అప్పటికి మా మేకు కూడా జుబేదా చేతిలో ఉంది కాబట్టి ఆయన ఏమన్నారో ఈ బండ మీద ఎవరికీ తెలియదు.

ఆయన ఎటు వెళ్లారని నేను అడగలేదు. రాగి చెంబులో నీళ్లు అలాగే ఉన్నాయి. పారబోసి, చెంబు తోమి ఇచ్చాను.

మూడు గంటలైంది. నడిబండ మీద మేము నలుగురం. సుత్తి ఓబులేసు చేతికి ఇచ్చాను. మేకు వేయకూడదని తీర్పిచ్చిన సంఘం దాన్ని ఎప్పుడు రద్దు చేస్తుందో నాకు తెలియదు. జుబేదా మాత్రం మేకును గుంటలో నిలబెట్టి పట్టుకుంది.

“వేలు కొడతావేమో చూసుకో. ఎనిమిదేండ్లాయె,” అంది.

“నీ వేలు గదా జుబేదక్కా, పర్వాలేదు,” అన్నాడు.

ఒకే దెబ్బ. వాడు మోకాళ్ల మీద వంగి, పళ్లేనికి చెంప ఆనించి, చాలాసేపు లేవలేదు. చెవిపెట్టె నా దగ్గరే ఉంది. నేను చూడలేదు. లేచి వాడు చెప్పిన అంకెనే రాస్తున్నాను.

నడిబండ 61.